ఋజువుభార మెవ్వరిది?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమని యొప్పుకొననివాడు మన దేశమున నొక్కడును లేడు. కాని అన్నము పెట్టుటకు ముందుగా వాని యాకలిని సాక్ష్యపత్రములతో ఋజువు చేసికొని రమ్మనుట ధర్మమా యని యడిగినచో పెద్దలు చాలమంది మౌనము వహింతురు. ధనము ప్రజలది గనుక జాగ్రత్త యవసరమని కొందరందురు. ఇది కచ్చేరీల పనియే గాని నీతిశాస్త్ర విషయము కాదని మరికొంద రందురు. నాకు తోచినంతవరకు ఇది ముమ్మాటికిని నీతివిషయమే. ఒక సంఘము తన బీదలను ఏమి యడుగుచున్నదో, ఎన్నిసారులు అడుగుచున్నదో చూచినచో, ఆ సంఘము వారిని సోదరులుగా నెంచుచున్నదో దొంగలుగా ననుమానించుచున్నదో తెలిసిపోవును. ఈశ్వరుని పితృత్వమును, మానవుల సోదరత్వమును వారము వారము ప్రార్థనామందిరమున నుచ్చరించు మనము ఈ ప్రశ్నను గుమాస్తాలకు వదలివేసి యూరకుండరాదు.

విషయము స్పష్టమగుటకు దూరదేశముల కేగ నక్కరలేదు. నల్లగొండ జిల్లాలోని చిట్యాలను తీసికొందము. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిమీద నున్న యీ యూరు మండల కేంద్రము; 2018 నుండి పురపాలక సంఘము కూడ. ఉరుమడ్ల, గుండ్రాంపల్లి, వెలిమినేడు, పెదకాపర్తి మొదలగు గ్రామముల ప్రజలు మండల కచ్చేరీలలో పని యున్నచో ఇచ్చటికే రావలయును. అట్టి గ్రామములలో నొకదానినుండి భర్తను గోల్పోయిన కూలి స్త్రీ యొకతె పింఛను కోరి వచ్చిన దనుకొందము. ఇది యే యొక వ్యక్తి కథయు గాదు. నిత్యము జరుగు వ్యవహారమునకు నమూనా మాత్రమే. ఆమె చేత నేమేమి యుండవలయును? భర్త మరణ ధ్రువపత్రము, ఆధారు కార్డు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, ఛాయాచిత్రము, వీని యన్నిటికిని జిరాక్సు ప్రతులు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి మరణమును 21 దినములలో తెలియజేయవలెను. దుఃఖములో మునిగిన నిరక్షరాస్యుల యింట ఆ గడువు తెలియక యొక సంవత్సరము గడచెనా, పై యధికారి యుత్తరువు లేనిదే ఆ మరణము పుస్తకమున కెక్కదు. మనిషి పోయిన సంగతి యూరంతయు నెరుగును. ప్రభుత్వము మాత్ర మెరుగదు.

పత్రములన్నియు సమకూడినను కష్టము తీరదు. ఆధారులో నామె పేరొక తీరున, రేషను కార్డులో మరియొక తీరున, మరణపత్రములో భర్త యింటిపేరు వేరొక తీరున నుండుట మన ప్రాంతమున వింత కాదు. పుట్టిన తేదీ యెరుగని తరము గనుక, ఎవరో యూహించి వ్రాసికొన్న జనవరి 1వ తేదీయే యామె వయస్సునకు ప్రమాణము. ఒక్కొక్క యక్షరభేదమును సవరించుకొనుట కొక్కొక్క దరఖాస్తు. ఒక్కొక్క దరఖాస్తున కొక్కొక్క రుసుము. ఒక్కొక్క రాకపోకకు ఒక్కొక్క దినపు కూలి నష్టము. భర్తృవియోగము నొందిన స్త్రీకి 2014లో వేయి రూపాయలుగా నేర్పడి, 2019లో 2016 రూపాయలకు పెరిగిన నెలసరి పింఛనును పొందుటకై ఆమె ముందుగా తన కూలిలోనుండియే ఎంత యో వెచ్చింపవలసి వచ్చుచున్నది.

ఈ పత్రములను గూర్చి యొక్క చిన్న ప్రశ్న వేసికొందము. వీనిని ఇచ్చిన వారెవరు? మరణ ధ్రువపత్రము నిచ్చినది పంచాయతీ. ఆధారు నిచ్చినది కేంద్ర ప్రభుత్వపు సంస్థ. రేషను కార్డు నిచ్చినది పౌరసరఫరాల శాఖ. భూమి యున్నదో లేదో తెలుపు లెక్క రెవెన్యూ శాఖది. అనగా, ప్రభుత్వమను నింటిలో నొక గదియందున్న కాగితమును, అదే యింటి మరియొక గదిలోనికి, ఎండలో నడచి, బస్సెక్కి, దినపు కూలి పోగొట్టుకొని మోసికొని వచ్చుట బీదరాలి పని యైనది. తానే యిచ్చిన పత్రమును తానే చూడగోరి, దానిని తెచ్చు బరువును మాత్రము ఇతరులమీద మోపు గృహస్థుని మనము మర్యాదస్థు డందుమా?

న్యాయవాదవృత్తిలో నున్నవారికి ఋజువుభార మను మాట నిత్య పరిచితము. ఒక విషయము ప్రత్యేకముగా నెవని యెరుకలో నున్నదో, దానిని ఋజువు చేయు భారము వానిదే యని 1872 నాటి సాక్ష్య చట్టపు 106వ విధి తెలిపెను. 2024 జూలై 1 నుండి ఆ చట్టమునకు బదులుగా భారతీయ సాక్ష్య అధినియమ మమలులోనికి వచ్చినను ఈ న్యాయము మారలేదు. ఒప్పుకొన్న విషయమునకు వేరుగ ఋజువక్కరలేదని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. ఈ విధులు న్యాయస్థానమున కెక్కిన కక్షిదారులకే గాని కచ్చేరీ దరఖాస్తులకు వర్తింపవని నే నెరుగుదును. అయినను వాని వెనుక నున్న నీతి సర్వత్ర వర్తించును. తెలిసినవాడు చెప్పవలెను, తెలియనివానిని చెప్పుమని నిర్బంధింపరాదు. అంతియే.

ఈ నీతిని దరఖాస్తులకు వర్తింపజేసినచో అడుగదగిన విషయములు మూడు తెగలుగా విడిపోవును. మొదటి తెగ, ప్రభుత్వమునకే తెలిసినవి: వయస్సు, మరణము, భూమి, ఇదివరకు పొందుచున్న సహాయము. వీనిని దరఖాస్తుదారు నడుగుటయే తప్పు. తన పుస్తకములను తాను చూచికొనుట ప్రభుత్వపు విధి. రెండవ తెగ, ఊరివారికి తెలిసినవి: ఆమె యొంటరిగా నున్నదా, కుమారులు చూచుచున్నారా, కూలికి పోగల యోపిక యున్నదా. వీనిని గ్రామసభలో, ఆమె గౌరవమునకు భంగము లేని తీరున విచారింపవలెను. మూడవ తెగ, ఆమెకు మాత్రమే తెలిసినవి: ఇతరు లెరుగని రాబడి యేదైన నున్నదా యనునది. ఇందు ఋజువుభారము న్యాయముగా నామెదే. దానికి ఆమె చెప్పిన మాటయు, వ్రేలిముద్రయు చాలును. అది యబద్ధమని తేలినచో పిమ్మట శిక్ష యుండనే యున్నది. నేడు జరుగుచున్న దేమన, మూడు తెగలను గలిపి యొక్కటే మూటగా గట్టి యామె తలపై నుంచుట.

మన జిల్లాలో నింతకంటె కఠినమైన యుదాహరణము కలదు. నల్లగొండ నేలలోని నీటియందలి ఫ్లోరైడు మూలమున వంగిపోయిన వెన్నులు, ముడుచుకొనిన కాళ్లు, పసితనముననే గారపట్టిన దంతములు ప్రపంచ మెరిగినవి. 2016 తరువాత మిషను భగీరథ మూలమున కృష్ణా గోదావరుల జలము గ్రామముల కందినది. అది గొప్ప మేలు. అయినను ఇదివరకు వంగిన వెన్ను మంచి నీటితో నిటారు కాదు. అట్టివాడు వికలాంగుల పింఛను కోరినప్పుడు నూటికి నలుబది పాళ్లు వైకల్యము గలదని వైద్యుల పత్రము తేవలసినదే. సదరము శిబిరములు నడచిన కాలమున అట్టివారు తేదీ కొరకు కాచుకొని, మోయువారిని వెదకికొని, జిల్లా కేంద్రమునకు పోవలసి వచ్చెడిది. వైద్యపరీక్ష యనవసరమని నేను చెప్పను. కొలత లేనిదే తరగతులు నిర్ణయింపరాదు. కాని నడువజాలనివాడు వైద్యుని కడకు పోవలెనా, నడువగల వైద్యుడు వాని కడకు రావలెనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞానమక్కరలేదు.

ఈ దుఃస్థితి నేడు పుట్టినదియు కాదు. అర్జీ, దరఖాస్తు అను మాటలే కచ్చేరీలతోబాటు అరబ్బీ పారసీ భాషలనుండి మనకు వచ్చినవి. నిజాము రాజ్యమున 1884 ప్రాంతమున పారసీకి బదులుగా ఉర్దూ రాజభాష యైనను తెలుగు రైతునకు రెండును నొక్కటే. తన పొలమును గూర్చియు, తనచే చేయించుకొనుచున్న వెట్టిని గూర్చియు, తాను చదువజాలని భాషలో మరియొకనిచేత మొర వ్రాయించుకొని, అడుగున బొటనవ్రేలి ముద్ర వేయవలసి యుండెను. ఆ కాగితములో నున్నది తన బాధయో, వ్రాతగాని బేరమో వానికి తెలియదు. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో తెలుగున ప్రసంగింపబూనిన వక్తను ఎగతాళి చేసినందున ఆంధ్ర జనసంఘము పుట్టెను. మరుసటి యేడు నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, 1926లో హైదరాబాదునుండి గోలకొండ పత్రికయు వెలువడినవి. 1931లో మన జిల్లాలోని దేవరకొండయందు ద్వితీయాంధ్ర మహాసభ జరిగినప్పుడు అధ్యక్షపీఠము నలంకరించిన బూర్గుల రామకృష్ణారావుగారు న్యాయవాదులు. ఆ పెద్దల శ్రమకు భాషాభిమాన మొక్కటే మూలము కాదు. సామాన్యుడు తన మాటను తానే చెప్పుకొనగలుగవలె ననునది వారి ఆశయములలో నొకటి.

నేడు దరఖాస్తు తెలుగున నున్నది. అయినను మధ్యవర్తి తొలగిపోలేదు. వేషము మాత్రము మార్చినాడు. ఫారము నింపువాడొకడు, కంప్యూటరులో నెక్కించువాడొకడు, పెద్దసారు నాకు తెలియునని చెప్పి రూపాయలు పుచ్చుకొను దళారి యొకడు. దరఖాస్తు గతి యేమైనదో తెలిసికొనుటకు సంఖ్య యొకటి యిత్తురు. అది వచ్చునది ఆమెకు లేని సెల్‌ఫోనునకు. పొరుగువాని సెల్‌ఫోనున కది వచ్చినచో ఆ పొరుగువాడే యామె భాగ్యవిధాత. రాజా రామమోహనరాయలు 1828లో సమాజమును స్థాపించిన నాటినుండి మనము చాటుచున్న దేమి? ఈశ్వరునకును మానవునకును నడుమ పురోహితు డక్కరలేదనియే గదా! పాపి సయితము మధ్యవర్తి లేక నేరుగా తండ్రి సన్నిధికి పోవచ్చునని బోధించు మనము, బీదరాలు తన రాజ్యపు ద్వారమున కట్లు నేరుగా పోజాలకున్నదని విని నిమ్మకు నీరెత్తినట్లుండుట మన మతమునకే వెలితి.

దరఖాస్తు ఫారము మనుష్యుని యాత్మను సైత మెట్లు నొక్కగలదో మన సమాజస్థులకు ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. బ్రాహ్మవివాహములకు చట్టబద్ధత కలిగించిన 1872 నాటి మూడవ చట్టము ననుసరించి పెండ్లియాడదలచిన వధూవరులు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ, యూద, పారసీ, బౌద్ధ, సిక్కు, జైన మతములలో దేనిని నవలంబింపలేదని వ్రాసి సంతకము చేయవలసి యుండెను. తాము హిందువులమేయని నమ్ముచు విగ్రహారాధనమును మాత్రము విడిచిన బ్రాహ్ములకు ఆ వాక్యము మ్రింగరానిదయ్యెను. 1923లో దానిని సవరించిరి; 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఆ ప్రకటనను నిర్మూలించెను. ఒక హక్కును పొందుటకై తాను కానిదానిని తానని గాని, తానైనదానిని కానని గాని వ్రాయుమనుట హింస యని మన పూర్వులు స్వానుభవమున నెరిగినారు. నేడు బీదవానిని మనము వ్రాయుమనునది కూడ అట్టిదే. నేను నిరాధారుడను, నాకు దిక్కు లేదు, నన్ను చూచువారు లేరు అని వాడు పదిమంది యెదుట చెప్పి వ్రేలిముద్ర వేయవలెను. ముసలితల్లికి కుమారులు కలరు. వారు వలసపోయి ముప్పూటల తినలేకున్నారు. కుమారులు గలరని వ్రాసెనా, పింఛను పోవునేమో యని భయము. లేరని వ్రాసెనా, కన్నబిడ్డలను కాగితముపై చంపినట్లగును. అట్టి యసత్యమును వ్రాయించిన పాపము వ్రాసినదానిది మాత్రమే యని నే ననజాలను.

ఇక పూర్వపక్షమును వినవలెను. అది తేలికగా త్రోసివేయదగినది గాదు. అనర్హులు వేలకొలది దొంగకార్డులతో బియ్యము తీసికొనుచున్నారనియు, భూస్వాములు పింఛనులు పొందుచున్నారనియు, పరీక్ష సడలించినచో బీదల సొమ్ము బలిసినవారి పాలగుననియు కొందరు పెద్దల వాదము. దొంగ దరఖాస్తు పెట్టినవాడు దోచుకొనునది ప్రభుత్వమును గాదు, తన పొరుగున నున్న బీదనే యను మాట సత్యము. అందుచేత పరీక్ష యుండవలెను. ఆ పరీక్ష యెట్టిది, ఎప్పటిది యనునదే వివాదము.

పరీక్షను కష్టముచేతనే నడుపవచ్చునని యింగ్లండువారు 1834 నాటి బీదల చట్టమున నొక ప్రయోగము చేసిరి. సహాయము కోరినవాడు పనిశాలలో చేరవలెను. అచ్చటి బ్రతుకు అతి తక్కువ కూలివాని బ్రతుకుకంటెను హీనముగా నుండవలెను. భార్యాభర్తలు వేరువేరుగా నుండవలెను. నిజముగా గతిలేనివాడే యట్టిచోటికి వచ్చునని వారి తర్కము. మోసగాడు రాకపోయిన మాట నిజమే కావచ్చును. అభిమానము గల బీదయు రాలేదు. ఆకలితో నింటిలోనే పడియుండెను. ఆ పద్ధతి యవశేషములను పూర్తిగా తుడిచివేయుటకు వారికి 1948 దాక పట్టినది. మన కచ్చేరీలలో పనిశాల లేదు. కాని తిరుగుడు కలదు. ఎన్ని పర్యాయములు త్రిప్పినను విసుగక వచ్చువాడే నిజమైన బీద యని లోలోపల నెంచుట ఆ 1834 నాటి తర్కమే. నిజమేమనగా, ఎన్ని పర్యాయములైనను తిరుగగలవాడు తిరిక యున్నవాడు; బస్సు ఖర్చు పెట్టుకొనగలవాడు. పండుముసలియు, రోగియు, చంటిబిడ్డ తల్లియు మొదటి తిరుగుడుతోనే మానుకొందురు. ఇట్టి పరీక్ష యర్హులనే వడపోసి పారవేయును.

మన రాష్ట్రముననే జరిగిన దొకటి చెప్పెదను. తెలంగాణమున 2016 తరువాత రద్దయిన రమారమి 19 లక్షల ఆహారభద్రతా కార్డులను గూర్చి వ్యాజ్యము సుప్రీము కోర్టుదాక పోయెను. కంప్యూటరు లెక్కలను జోడించి చూచి, కార్డుదారునకు తాఖీదైనను పంపక తొలగించిరనునది అందలి యభియోగము. 2022 ఏప్రిలులో న్యాయస్థానము ఆ కార్డుల నన్నిటిని క్షేత్రమునకు పోయి మరల విచారింపుడని యాదేశించెను. ఆ యేటి జూలై నాటికి విచారణ ముగిసిన 2,05,734 దరఖాస్తులలో 15,471 కుటుంబములు అర్హమైనవే యని తేలెను. అనగా నూటికి ఏడింటికి పైగా. తక్కినవారి విషయమున అధికారుల యనుమానము నిలిచినది. దీనిని దాచుట న్యాయము గాదు. అయితే నూరుగురిని శిక్షించి, అందేడుగురు నిర్దోషులని పిమ్మట గ్రహించిన న్యాయాధిపతిని మన మేమందుము? అందును మరల దరఖాస్తు పెట్టగల్గినవారి లెక్క మాత్ర మిది. కార్డు పోయిన సంగతి చౌకధరల దుకాణమున తెలిసికొని, ఉత్త సంచితో మరలి, పిమ్మట నెవరి నడుగవలెనో తెలియక యూరకున్నవారు ఏ లెక్కకును రారు.

క్రిమినలు న్యాయమున మనకు చిరకాలముగా నొక నియమము కలదు: దోషులు కొందరు తప్పించుకొనినను సరియే గాని నిర్దోషి యొక్కడు శిక్షింపబడరాదు. ఆకలి విషయమున ఆ నియమమును తలక్రిందులు చేసినాము. అర్హులు కొందరు పస్తుండినను సరియే గాని యనర్హు డొక్కడు తినరాదనుచున్నాము. రెండు పొరపాట్లును పొరపాట్లే. కాని యనర్హునకు పోయిన ధనమును విచారించి మరల రాబట్టవచ్చును. గడచిన నెల యాకలిని రాబోవు నెల బియ్యము తీర్పజాలదు. దిద్దుకొనరాని పొరపాటునకు ఎక్కువ జడియుట వివేకులకు తగినది. అందుచేత ముందు ఇచ్చి పిమ్మట విచారించుటయు, తొలగించుటకు ముందు తాఖీదు పంపి, ఇంటికి పోయి, మాట వినుటయు ధర్మమని నా యభిప్రాయము. వినక తీర్పు చెప్పరాదనునది హత్య చేసినవానికి వర్తించు న్యాయము. బియ్యపు కార్డు గల కూలివానికి వర్తింపకుండుటకు కారణ మేమియు కానరాదు.

మేలైన మార్గములు మన యెరుకలో లేకపోలేదు. పెద్దరోగము వచ్చిన బీద ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొని, ఎవరి సిఫారసునకో ఎదురుచూడవలసిన కాల ముండెను. 2007 ఏప్రిలు 1వ తేదీన మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీతో తెల్ల రేషను కార్డే చికిత్సకు చీటి యైనది. దారి చూపుటకు ఆసుపత్రిలో సహాయకుడు గూడ నేర్పడెను. విన్నపము హక్కుగా మారుట యన నిదియే. అయితే అన్ని తలుపులకును నొక్కటే తాళపుచెవి యైనప్పుడు ఆ చెవి పోయినవానికి అన్ని తలుపులును మూతపడును. కార్డుల రద్దు అంత ఘోరమగుటకు ఇదియు నొక కారణము. 2011 నవంబరులో వచ్చిన మీసేవ ధ్రువపత్రములు పొందుటను సులభము చేసెను. గుమాస్తా దయకై కాచియుండుట తగ్గెను. కాని పత్రములను పొందుట సులభమైనంత మాత్రమున వాని నడుగుట తగ్గలేదు. సులభముగా దొరకునుగదా యని మరి రెండు అదనముగా నడుగుటకు అధికారులకు మొగమాటము పోయెను.

2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన సభలలో అధికారులే గ్రామములకు వచ్చి, పలు పథకములకు నొక్కటే ఫారముగా, రమారమి కోటి యిరువదియైదు లక్షల దరఖాస్తులు పుచ్చుకొని రసీదు లిచ్చిరి. ప్రజలు ప్రభుత్వము కడకు పోవుటకు మారుగా ప్రభుత్వమే ప్రజల కడకు నడచి వచ్చుట మెచ్చదగినది. కాని ఉచితముగా నందవలసిన ఫారము జిరాక్సు దుకాణములలో వెలకు పోయినదనియు, రేషను కార్డునకు ఆ ఫారములో గడి లేనందున తెల్లకాగితములపై వ్రాసి యిచ్చిరనియు పత్రికలలో చూచితిమి. 2025 జనవరి గ్రామసభలలో జను లదే కోరికను మరల వ్రాసి యిచ్చిరి. కొత్త కార్డుల పంపిణీ పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదే యైన తిరుమలగిరియందు 2025 జూలై 14వ తేదీన మొదలైనది. ఒకమారు చెప్పినదానిని మరల చెప్పించుట చెప్పినవాని మాటను విననట్లే గదా!

పై విచారమునుండి తేలు ధర్మములు కొన్ని కలవు. తన పుస్తకములలో నున్నదానిని ప్రభుత్వము ప్రజల నడుగరాదు. ఒకమారు పుచ్చుకొన్న ఫారమును అన్ని శాఖలును వాడుకొనవలెను. వ్రాయలేనివాని నోటిమాటయే దరఖాస్తుగా నధికారి వ్రాసికొనవలెను. పేరులోని యక్షరభేదములను సరిచూచి సవరించు పని కచ్చేరీది కావలెను. పుచ్చుకొన్న ప్రతి దరఖాస్తునకును తేదీతో రసీదును, గడువును నుండవలెను. ఇది గాలిమాట గాదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లెనుండి యమలునకు వచ్చిన 2005 నాటి గ్రామీణోపాధి చట్టము, పని యడిగినవానికి 15 దినములలో పని చూపనిచో భృతి యీయవలెనని శాసించెను. మధ్యప్రదేశమున 2010లో చేసిన చట్టము, గడువు మీరిన యధికారి తన జీతమునుండియే జరిమానా చెల్లింపవలెనని యేర్పరచెను. ఆలస్యపు భారము ఆలస్యము చేసినవానిపైననే పడవలె ననుట వీని సారము. తిరస్కరించినచో కారణమును వ్రాతమూలకముగా, తెలుగున, పై యధికారికి మొరపెట్టుకొను దారితో గూడ తెలుపవలెను.

ప్రభుత్వమునకు బోధించి మన చేతులు కడిగికొనుట సంస్కర్తలకు చెల్లదు. మన ధర్మనిధులు, విద్యార్థి వేతనములు, అనాథాలయములు ఎట్లు నడచుచున్నవి? బీద బాలుడు వేతనము కోరినచో పెద్దమనుష్యు లిరువురి సిఫారసుజాబులు, తహసీల్దారు ధ్రువపత్రము, సంఘము నెదుట తన తండ్రి త్రాగుబోతుతనమో, తల్లి దైన్యమో వర్ణించుట యనివార్యమని యెంచుచున్నాము. సిఫారసు సంపాదింపగలవాడు సగము బీదయే. దాతల పేర్లు ఫలకముపైనను, గ్రహీతల ఛాయాచిత్రములు వార్షిక నివేదికలోను అచ్చువేయుట దానమో, ప్రదర్శనమో యోచింపవలెను. కాకినాడలో కళాశాలాధ్యక్షులై యుండిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు తమ జీతములో నధికభాగమును బీద విద్యార్థులకై వెచ్చించిరని మన మందరము సగర్వముగా చెప్పుకొందుము. 1906లో హితకారిణీ సమాజము నేర్పరచి తమ యాస్తిని దాని కర్పించిన వీరేశలింగముపంతులుగారిని స్మరింతుము. ఆ మహనీయుల యౌదార్యమును మనము స్మరించుట చాలదు. వారు పతితులను, వితంతువులను సమీపించిన తీరును మన ఫారములలోనికి తెచ్చుకొనవలెను. ఏ ధర్మనిధికైనను ఒక పుట చాలును. అందు, పుచ్చుకొనువాడు పిమ్మట తన బిడ్డ చూచి సిగ్గుపడు ప్రశ్న యొక్కటియు నుండరాదు.

పట్టణములలోను, మండల కేంద్రములలోను చదువుకొన్న న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విశ్రాంత యుద్యోగులు పలువురు కలరు. వారిలో నొక్కొక్కరు వారమున కొక పూట కచ్చేరీ యరుగుమీద కూర్చుండి, రుసుము పుచ్చుకొనక, దరఖాస్తులు వ్రాసిపెట్టినచో, తిరస్కరింపబడినవారికి కారణ మడుగు జాబులు వ్రాసిచ్చినచో, చిట్యాలవంటి యూరిలో దళారి బ్రతుకు మూన్నాళ్లు కూడ సాగదు. ఏయే ప్రశ్నలు వ్యర్థముగా నడుగబడుచున్నవో, ఏయే పత్రములకై ఎందరు వెనుకకు మరలుచున్నారో వారు పుస్తకమున వ్రాసికొని కలెక్టరునకు నివేదింపవలెను. ఆ పుస్తకము ఉపన్యాసములు నూరింటికంటె బలవత్తరమైన సాక్ష్యము. అయితే ఉచితముగా వ్రాయువాడును మధ్యవర్తియే యని యాతడు మరువరాదు. తన కలముతో నెవరికిని పనిలేని దినము వచ్చుటకై పాటుపడుటయే ఆ కలము పట్టినవాని ధర్మము.